రెండు దీపాలు, నీళ్ళ కింద గోడ

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ఎక్కడో పెద్ద నగరం. అది సముద్రం కాదట, సరస్సేనట, కానీ అవతలి ఒడ్డు కనబడదు. రేవుకి అటూ ఇటూ రాతికట్టలు నీళ్ళలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. ఒక్కో కట్ట కొసన ఒక్కో దీపస్తంభం. చలికాలపు గాలికి అలలు లేచి ఆ స్తంభాలను నెత్తి దాకా కొడుతున్నాయి. ఒడ్డున జనం పెద్ద పెద్ద కోట్లు తొడుక్కుని, నవ్వుకుంటూ, ఫొటోలు తీసుకుంటున్నారు. వెనకాల ఎవరో పాట కూడా పెట్టారు.

"ఒక్క రేవుకు రెండు దీపాలెందుకమ్మా? ఒకటి సాలదా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఆ పాట మీద. ఆ గాలిలో, ఆ నీళ్ళ మీద, వాళ్ళ వాళ్ళెవరైనా పడవలో ఉంటే అట్లా నవ్వుతారా? "ఒక్క దీపమైతే సంపుతది బిడ్డా" అన్నాను. నా గొంతు విని అది ఫోను వెనక్కి లాక్కుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కోపం అర్థమవ్వాలంటే ఈ పిల్ల పుట్టకముందు సంగతి చెప్పాలి.

ఇప్పుడు మేం సెంటినరీ కాలనీలో బొగ్గు కంపెనీ క్వార్టర్లో ఉంటున్నాం. పెళ్ళయిన కొత్తలో మాత్రం గోదావరి ఒడ్డున పునరావాస కాలనీలో ఉండేవాళ్ళం. అది మా అత్తగారి ఊరు కాదు. అసలు ఊరు నీళ్ళ కింద ఉంది. దిగువన ఆనకట్ట కట్టాక గోదావరి వెనక్కి ఎగదన్ని ఊళ్ళోకి వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది. జనం గట్టెక్కి రేకుల ఇళ్ళు వేసుకున్నారు. అవతలి ఒడ్డు ఊళ్ళ కార్మికులు పడవల మీద మా రేవుకు వచ్చి, ఇక్కడ ఆటోలెక్కి గోదావరిఖని బొగ్గు బాయిలకు డ్యూటీకి పోయేవాళ్ళు. చుట్టూ తిరిగి రోడ్డు మీద పోతే షిఫ్టు దాటిపోతుంది.

ఆ పడవలు వచ్చే దారి మునిగిన ఊరి నడివీధి. ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ దూలాలు, తలుపులు, కిటికీలు పీక్కుని పోయారు. రాతిగోడల్ని ఎవరు మోసుకుపోతారు? అవి వీధికి అటూ ఇటూ నీళ్ళ కింద అట్లాగే నిలబడి ఉన్నాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు జానెడు లోతులోనే ఉంటాయి గానీ పైకి కనబడవు. పడవ వాటి మీదికి ఎక్కిందా, అడుగు చీరుకుపోతుంది.

అందుకే రెండు దీపాలు. రేవు మెట్ల దగ్గర ఇనుప స్తంభానికి ఒక ట్రాక్టర్ హెడ్‌లైటు. దాని వెనక మట్టిదిబ్బ మీద ఇంకో స్తంభం, దానికి ఇంకో హెడ్‌లైటు. నీళ్ళ మీది నుంచి చూసేవాడికి పై దీపం కింది దీపం నెత్తిన సరిగ్గా నిలబడి కనిపిస్తే పడవ నడివీధిలో ఉన్నట్టు. పై దీపం కుడికి జరిగి కనిపిస్తే పడవ కూడా కుడికి జరిగిపోయినట్టు, ఎడమకు తిప్పుకోవాలి. ఇంతే చదువు. కానీ కింది దీపం ఒక్కటే వెలిగితే, మనిషి ఎక్కడున్నా దానికేసి నేరుగా తెడ్డు వేస్తాడు. నేరుగా వస్తే మధ్యలో ఉండేవి గోడలే. రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టాల మీది ఎర్రదీపాలు ఆకాశంలో ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, వాటివల్ల పైసా లాభం లేదు. ఊరు ఎటుందో చెబుతాయి గానీ వీధి ఎటుందో చెప్పవు.

దీపాలు పెట్టడం వంతులవారీగా జరిగేది. పాత వీధిలో ఇళ్ళు ఏ వరసలో ఉండేవో అదే వరసలో ఇంటికో వారం. వంతు వచ్చిన ఇంట్లో రెండు ఆటో బ్యాటరీలు ఉంటాయి. పగలు చార్జింగు పెట్టాలి, పొద్దు వాలగానే మోసుకుపోయి పానాతో బిగించి రావాలి. వారం గడిచాక పక్కింటి మగవాడు గడప దగ్గరికి వచ్చి బ్యాటరీలు అడగాలి, ఈ ఇంటి మగవాడు ఇవ్వాలి. అడగందే ఇవ్వరు, ఇవ్వందే ముట్టరు. నీళ్ళలో మునిగిన ఊరికి ఇన్ని మర్యాదలేమిటని నాకు నవ్వొచ్చేది. నేను రామకృష్ణాపూర్ కంపెనీ కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. మా దగ్గర సైరన్ కూస్తే షిఫ్టు మారుతుంది, ఎవరూ ఎవర్నీ బతిమాలరు.

మా తర్వాతి వంతు మా పక్కింటి బావది. బావ అంటే మా మామ అన్నగారి కొడుకు, మా ఆయనకు వరసకు అన్న. ఆ రెండిళ్ళకూ పాత ఊళ్ళో ఒకటే గోడ. ఆ గోడ మాదంటే మాదని వాళ్ళు కొట్టుకున్నట్టు దాయాదులెవరూ కొట్టుకుని ఉండరు. మా మామ కనుబొమ్మ మీద అడ్డంగా ఒక మచ్చ ఉండేది, ఆ గోడ పుణ్యమే. గోడ నీళ్ళ పాలయ్యాకైనా ఊరుకున్నారా? మా పెళ్ళి విందులో ఆ మాటే వచ్చి మా మామ లేచి బావ గల్లా పట్టుకున్నాడు. బావ తోశాడు. అన్నం గంపలు బోర్లాపడ్డాయి. చేపలు ఈదే గోడ కోసం! కొత్త పెళ్ళికూతుర్ని, పకపకా నవ్వాను. మా అత్త నా తొడ మీద ఎంత గట్టిగా గిల్లిందో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఎండాకాలం మా మామ పోయాడు. పొద్దున చాయ్ తాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. అప్పుడు దీపాల వంతు మాదే. బ్యాటరీలు మా వసారాలో ఉన్నాయి. మైల ఇంటివాళ్ళు పదకొండొద్దుల దాకా, పోయిన మనిషి తలాపున పెట్టిన దీపం తప్ప ఇంకో దీపం ముట్టించకూడదట. రేవు దీపం కూడా దీపమేనన్నారు. సరే, బావ వచ్చి తీసుకుపోవాలి. వరస ప్రకారం బావకూ మైలే, కానీ గోడ తగాదాతో ఆ మైల కూడా తెంచుకున్నారు, మా గడప దగ్గరికి రాడు. మైల చేతులతో మేం తీసుకుపోయి ఇవ్వకూడదు. రెండు రోజులు రేవు చీకటిగానే ఉంది. పడవలవాళ్ళు పొద్దుండగానే వచ్చిపోయారు, ఎవరికీ పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

మూడోనాడు మా ఆయనా, మా మరిదీ కలిసి తండ్రి అస్థికలు మూట కట్టుకుని పడవ తీశారు. ఆనకట్ట నీళ్ళు నిలవనీళ్ళు, పారే గంగలోనే కలపాలని మా అత్త పట్టుబట్టింది. పారే నీళ్ళు కావాలంటే ఎగువకు చాలా దూరం పోవాలి. మధ్యాహ్నం బయల్దేరినవాళ్ళు పొద్దుండగానే వస్తామన్నారు.

సాయంత్రానికి పడమటి దిక్కు నల్లబడింది. ముందు గాలి లేచింది. ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల మీది దుమ్మూ బొగ్గుపొడీ లేపుకొచ్చి మొహాన కొట్టింది. కళ్ళు తెరిస్తే కళ్ళలో, నోరు తెరిస్తే నోట్లో. ఎదురింటి కప్పు రేకు ఊడి గిర్రున తిరుగుతూ వచ్చి కట్టేసిన బర్రె వీపు చీల్చింది. అది అరిచిన అరుపుకు పిల్లలు ఇళ్ళలోకి పరుగెత్తారు. ఇంకా పొద్దు గుంకనే లేదు, చాచిన చెయ్యి కనబడనంత చీకటి. గోదావరి ఒడ్డును దబదబా బాదుతోంది. మా పడవ ఇంకా రాలేదు.

నేను బావ ఇంటి ముందుకు పోయి గేటు బయటే నిలబడి కేక వేశాను. "బావా! తమ్ముళ్ళిద్దరు నీళ్ళ మీద ఉన్నరు. బ్యాటరీలు తీస్కపోయి దీపాలు పెట్టు, నీ కాళ్ళు మొక్కుత!"

బావ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. "ఆడిదాని మాట మీద వంతు మార్తదా? మార్చుమని మీ ఇంటి మొగోళ్ళను వచ్చి అడుగుమను" అన్నాడు.

"మొగోళ్ళు నీళ్ళ మీదనే ఉన్నరు గద! ఎట్ల వచ్చి అడుగుతరు?"

"వచ్చినంక అడుగుమను."

ఆ మాట అతను వెటకారంగా అనలేదు, నిజంగానే అన్నాడు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. పద్ధతి పద్ధతేనని అతని మొహంలో ఉంది. చుట్టుపక్కల వసారాల్లో ఉన్న మగవాళ్ళందరి మొహాల్లోనూ అదే ఉంది. తప్పు చేస్తున్నామని వాళ్ళలో ఒక్కడికీ అనిపించలేదు. నాకు ఆ క్షణాన ఆ కాలనీ మొత్తాన్ని గంగలో తోసెయ్యాలనిపించింది.

ఇంటికి పరుగెత్తాను. మా అత్త లోపలి గదిలో, మామ పోయిన చోట, దీపం ముందు మూలకు కూర్చుని ఉంది. భర్త పోయిన మనిషి పదకొండొద్దులు ఆ మూల నుంచి కదలకూడదు, ఆ దీపం ఆరకూడదు. గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉంది. రెండూ ఒక్కసారి మొయ్యలేక నేను వసారాలోంచి ఒక బ్యాటరీ చంకనెత్తుకుని, పానా నడుముకు దోపుకున్నాను. "అత్తా, నేను రేవుకు పోతున్న" అన్నాను. దారిలో ఇద్దరు ఆడవాళ్ళు నా కొంగు పట్టుకుని ఆపబోయారు. "నువ్వు ముట్టుకుంటే వాడకట్టుకు అరిష్టం" అంది ఒకావిడ. కొంగు చింపుకుని పోయాను.

రేవు దగ్గర అలలు మెట్ల మీద నా నడుము దాకా కొట్టాయి. స్తంభాన్ని కాళ్ళతో చుట్టుకుని, తడి చేతులతో బ్యాటరీ పెట్టి క్లిప్పులు బిగించాను. దీపం వెలిగింది. ఆ వెలుగులో వాన గీతలు గీతలుగా కనబడింది. ఇక రెండో బ్యాటరీ తెచ్చి దిబ్బ మీద పెట్టాలి, అంతే.

వెనక్కి తిరిగేసరికి వీపు మీద దెబ్బ పడింది. బావ. చేతిలో పడవ తెడ్డు ఉంది. "మైల చేత్తోటి దీపం ముట్టిస్తవా? గంగమ్మ ఊకుంటదా? అందర్ని సంపుతవా?" అని అరుస్తున్నాడు. రెండో దెబ్బ ఎడమ భుజం మీద పడింది. లోపల ఎముక పుటుక్కుమన్న చప్పుడు గాలి హోరులో కూడా నాకు వినబడింది. మోకాళ్ళ మీద పడ్డాను. క్లిప్పులు పీకడానికి అతను వంగి చెయ్యి చాచాడు. నడుము నుంచి పానా తీసి ఆ మణికట్టు మీద కొట్టాను. రెండుసార్లు కొట్టాను. రెండోసారి ఆ చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. అతను కేక పెట్టి, రెండో చేత్తో నా జుట్టు పట్టి తలను స్తంభానికేసి మోదాడు. నోట్లో పన్ను ఒకటి ఊడింది. ఆ చేతిని కొరికాను. ఉప్పగా రక్తం వచ్చేదాకా వదల్లేదు. వదిలేదాన్ని కూడా కాదు, అతనే తన్ని విడిపించుకున్నాడు.

నేను చేసింది సరైనదేనా అని తర్వాత చాలామంది అడిగారు. సరైనదే. ఇంకో దెబ్బ కొట్టాల్సింది.

గట్టు మీద ఇరవై మంది దాకా చేరారు. చేతులు కట్టుకుని చూస్తున్నారు. "రెండో బ్యాటరీ మా వసారాల ఉన్నది! ఎవలన్న దిబ్బ మీదికి తీస్కపోండ్రి! మీ కాళ్ళు మొక్కుత!" అని అరిచాను. ఒక్కడూ కదల్లేదు. నేను లేవబోతే బావ నా కాలు పట్టుకుని కిందికి లాగాడు.

అప్పుడే నీళ్ళ మీద చిన్న వెలుతురు కనిపించింది. మా ఆయన చేతి టార్చి. అది ముందు అటూ ఇటూ ఊగింది. తర్వాత కింది దీపం వాళ్ళకు కనబడినట్టుంది, ఊగడం ఆగి నేరుగా నా వైపు తిరిగింది. నేరుగా. వాళ్ళు వీధికి చాలా పక్కగా ఉన్నారు. నేను వెలిగించిన దీపం వాళ్ళను గోడల మీదికి పిలుస్తోంది. ఆర్పితే చీకట్లో నీళ్ళ పాలవుతారు, ఆర్పకపోతే గోడ. నా చెయ్యి క్లిప్పు మీదికి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. "అటు కాదు! అటు కాదు!" అని గొంతు చించుకుని అరిచాను. ఆ గాలిలో నా అరుపు నాకే వినబడలేదు.

ఉన్నట్టుండి గట్టు మీది జనం రెండుగా చీలి పక్కకు జరిగారు. మధ్యలోంచి మా అత్త వస్తోంది. జుట్టు విరబోసుకుని, మూడు రోజుల నాటి చీరతో, చంకన బ్యాటరీ. ఆమె ఎదురొస్తే అపశకునమని కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఆమె ఎవర్నీ చూడలేదు. దిబ్బ మీదికి చేతులూ కాళ్ళూ ఆనించి ఎక్కింది, బురదలో జారింది, మళ్ళీ ఎక్కింది. పానా నా దగ్గర ఉండిపోయింది, ఆమె ఉత్త చేతులతో క్లిప్పులు నొక్కిపట్టుకుని నిలబడింది. పై దీపం వెలిగింది.

టార్చి ఒక్కసారి ఆగింది. తర్వాత మెల్లగా పక్కకు, వీధి వైపుకు జరగడం మొదలుపెట్టింది. నేను ఏడుస్తూ స్తంభాన్ని కౌగిలించుకున్నాను. సగం దూరం జరిగేసరికి కర్ర విరిగినట్టు పెద్ద చప్పుడు, దాని మీద మా మరిది కేక వినిపించింది. పడవ అంచు గోడ మూలకు తగిలింది. అలకు పడవ ఒరిగినప్పుడు అతను గోడను కాలితో తన్ని నెట్టబోయాడు, పడవకూ గోడకూ మధ్య పాదం నలిగిపోయింది. మా ఆయన ఒక్కడే తెడ్డు వేస్తూ, సగం నీళ్ళు నిండిన పడవను రెండు దీపాల వరస తప్పకుండా మెట్ల దాకా తెచ్చాడు.

అప్పుడు బావ వైపు చూశాను. విరిగిన చెయ్యి పొట్టకు ఆనించుకుని పడవకేసే చూస్తున్నాడు. అది ఏ గోడో నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఆ వానలో దవాఖానకు పోవడానికి దొరికింది మా మరిది ఆటో ఒక్కటే. మా ఆయన నడిపాడు. వెనక నలిగిన పాదంతో మా మరిది, విరిగిన భుజంతో నేను, విరిగిన మణికట్టుతో బావ, ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. గుంతలో పడ్డప్పుడల్లా ముగ్గురం కలిసి అరిచాం, మిగతా దారి పొడుగునా ఒకర్నొకరు తిట్టుకుంటూ పోయాం. కట్లు వేసే ఆయన ఏమైందని అడిగితే జారిపడ్డామని ముగ్గురం ఒకే మాట చెప్పాం.

నేను తిరిగొచ్చేసరికి వాడకట్టు పెద్దమనుషులు మా ఇంటి ముందు కూర్చున్నారు. నన్ను వదిలేసి మా అత్తను పట్టుకున్నారు. మూల విడిచి ఎందుకొచ్చినవ్, ఆయన తలాపున దీపం ఆరిపోయింది కదా, ఆయనకు తొవ్వ ఎట్ల కనబడాలె అని నిలదీశారు. మా అత్త గడపలోకి వచ్చి నిలబడింది. "ఆయనకు తొవ్వ తెలుసు. ఆ వీధిలనే పుట్టిండు. నా పిల్లలకు తెల్వకపాయె" అంది. అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మా మరిది ఇప్పటికీ కుంటుతూనే ఆటో నడుపుతున్నాడు. నా భుజం మబ్బు పడితే సలుపుతుంది. రేవు స్తంభాలకు ఇప్పుడు ఎండతో చార్జింగయ్యే దీపాలు వచ్చాయి, పొద్దు గుంకితే వాటంతటవే వెలుగుతాయి, ఎవరి ఇంట్లో ఎవరు పోయారని అడగవు. మా అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది ఇక్కడితో అయిపోవాలి. కానీ ఇంకొకటుంది.

మరుసటి ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గాయి. గోడలు పాచి పట్టి బయటికి వచ్చాయి, వాటితోపాటే ఆ రెండిళ్ళ మధ్య గోడ కూడా. పడవ తగిలిన మూల రెండు రాళ్ళు ఊడి ఉన్నాయి. మా అత్త ఒక పొద్దున గడ్డపార భుజాన వేసుకుని బురదలో దిగింది. వెనకే నేనూ, మా ఆయనా పోయాం. ఆమె గోడను పొడవడం మొదలుపెట్టింది. పొడిచిన ప్రతిసారీ మా మామను తిడుతోంది. పెళ్ళయిన నాటి నుంచి మనసులో పెట్టుకున్నవన్నీ తిట్టింది. రాయి పగిలి ఎగిరి ఆమె నుదుటికి తగిలింది, రక్తం కారుతున్నా ఆపలేదు. మేమూ పారలతో అందుకున్నాం.

చప్పుడు విని బావ వచ్చాడు. అతని చేతిలోనూ గడ్డపార ఉంది. కుడి మణికట్టు సరిగా అతకలేదు, ఎడం చేత్తో పట్టుకున్నాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. నేను చేతిలో పారను గట్టిగా పట్టుకున్నాను. బావ గోడకు అవతలి పక్కన, ఒకప్పుడు వాళ్ళ ఇల్లు ఉన్న వైపు వచ్చి నిలబడ్డాడు.

"చిన్నమ్మా, ఈ గోడ మా నాయన కట్టిండు" అన్నాడు.

మా అత్త నుదుటి మీది రక్తం కొంగుతో తుడుచుకుంది. "నీదే బిడ్డా. గోడ నీదే" అంది. "కొట్టు."

బావ ఎడం చేత్తో గడ్డపార ఎత్తాడు.